కార్తీక వనభోజనాలు

కార్తీక మాసంలో తెలుగువారు ఊరి బయట తోటకో ఏటి ఒడ్డుకో వెళ్లి, ఉసిరి చెట్టుకు పూజ చేసి, చెట్ల నీడన పంక్తి భోజనం చేసి, సాయంత్రం దాకా ఆటపాటలతో గడిపే వేడుక కార్తీక వనభోజనాలు. ఒకప్పుడు బంధువులు, ఇరుగుపొరుగువారు కలిసి చేసుకున్న ఈ వేడుకను ఇప్పుడు ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, బడులు, ఉద్యోగ సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, వాకర్స్ క్లబ్బులు, కుల సంఘాలు కూడా ఏటా జరుపుతున్నాయి. ఉద్యోగులు భార్యాపిల్లలతో సహా ఒకచోట కలిసే కొద్దిపాటి సందర్భాల్లో ఇది ఒకటి. ఏర్పాట్లన్నిటికీ మధ్యాహ్న భోజనమే కేంద్రం. పూజ, పోటీలు, బహుమతులు అన్నీ వడ్డన వేళను బట్టే కుదురుతాయి.

ఆచార నేపథ్యం

కార్తీకం శివకేశవులిద్దరికీ ప్రీతికరమైన మాసమని నమ్మకం. ఈ మాసంలో ఉసిరి చెట్టు కింద పూజ చేసి భోజనం చేస్తే పుణ్యమని కార్తీక పురాణం చెబుతుంది. ఉసిరికాయలు కాపుకొచ్చే కాలం కూడా ఇదే. కాయ పైభాగం కోసి, కొద్దిగా తొలిచి, నేతిలో తడిపిన వత్తి పెట్టి వెలిగించే ఉసిరి దీపం ఈ నెలలో గుళ్లలోనూ ఇళ్లలోనూ కనిపిస్తుంది. తోటలో ఉసిరి చెట్టు లేకపోతే కొమ్మ తెచ్చి నాటి పూజ కానిస్తారు. తిరుమలలో తిరుమల తిరుపతి దేవస్థానం పార్వేట మండపం వద్ద కార్తీక వనభోజన ఉత్సవం నిర్వహిస్తుంది.

తేదీ ఎంపిక

దీపావళి అమావాస్య మర్నాడు మొదలయ్యే కార్తీకం మరుసటి అమావాస్యతో ముగుస్తుంది. 2025లో ఇది అక్టోబరు 22 నుంచి నవంబరు 20 వరకు వచ్చింది. అందులో ఆదివారాలు నాలుగే. ఊళ్లోని సంఘాలన్నీ ఆ నాలుగు రోజుల కోసమే పోటీపడతాయి కాబట్టి తోటలకు, వంటవాళ్లకు, బస్సులకు గిరాకీ పెరుగుతుంది. దసరా సెలవులు ముగియగానే తేదీ ఖాయం చేసుకుని అడ్వాన్సు ఇచ్చేవారికి ఆ ఇబ్బంది ఉండదు. బ్యాంకు ఉద్యోగులకు రెండో శనివారం, నాలుగో శనివారం కూడా కలిసివస్తాయి. కార్తీక పౌర్ణమినాడే గురునానక్ జయంతి కావడంతో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఆ రోజు సెలవు ఉంటుంది. సోమవారాలు, ఏకాదశి చాలామందికి ఉపవాస దినాలు. నిర్వాహకులు సాధారణంగా ఆ రోజుల జోలికి పోరు.

కోస్తాలోనూ రాయలసీమ తూర్పు భాగంలోనూ ఇది ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందంటే తోట బురదమయమవుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు సంఘాలు అందుకే దగ్గర్లో కల్యాణ మండపమో బడి వరండానో ముందే మాట్లాడి ఉంచుకుంటాయి.

స్థలం

ఎక్కువమంది కోరుకునేది మామిడి తోట. కార్తీకంలో మామిడికి కాపు గానీ పూత గానీ ఉండదు. జనం తిరిగినా పంటకు నష్టం లేదు కనుక యజమానులు సులువుగా ఒప్పుకుంటారు. నీడ కూడా చిక్కగా ఉంటుంది. కోనసీమలో కొబ్బరి తోటలు, విజయవాడలో కృష్ణా నది మధ్య ఉన్న భవానీ ద్వీపం, విశాఖపట్నంలో ముడసర్లోవ పార్కు, హైదరాబాద్ చుట్టుపక్కల గండిపేట, మొయినాబాద్, శామీర్‌పేట తోటలు ఈ వేడుకలకు పేరున్న చోట్లు. కొబ్బరి తోటలో గెలల కిందా ఎండుమట్టల కిందా చాపలు పరవకూడదు.

స్థలం ఖాయం చేసేముందు చూడాల్సినవి నీళ్లు, మరుగుదొడ్లు, బస్సు తిరిగే జాగా, వృద్ధులు నడవగలిగే దారి. చాలా తోటల్లో మరుగుదొడ్లు ఉండవు. మహిళలు, పిల్లలు రోజంతా ఉండాల్సిన వేడుకకు ఇది పెద్ద లోటు. తాత్కాలిక గదులు కట్టించలేకపోతే మరో చోటు వెతుక్కోవడమే మేలు.

చందాలు, పని పంపకం

ఖర్చును మనిషికింతని చందా వేసుకుని భరించడం సాధారణ పద్ధతి. పిల్లలకు సగం చందా, చిన్నపిల్లలకు ఉచితం అనే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. కార్యాలయాల్లో అధికారులు కొంత ఎక్కువ వేసుకుని, కింది స్థాయి సిబ్బంది దగ్గర నామమాత్రంగా తీసుకోవడమూ ఉంది. వంట, రవాణా, ఆటలు, బహుమతులు, శుభ్రత అనే ఐదు పనులకు వేర్వేరుగా ఇద్దరేసి మనుషులను పెట్టుకుంటే ఒక్కరి మీదే భారం పడదు. వచ్చేవారి లెక్క వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు మరోసారి తీసుకుంటారు. వంటమేస్త్రికి చెప్పేది రెండో లెక్క.

వంట, వడ్డన

ఈ నెలలో చాలా ఇళ్లలో మాంసాహారం మానేస్తారు. కొందరు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. అందుకే ఏ పదార్థంలో ఉల్లి వేశారో వడ్డించేటప్పుడు చెప్పడం మర్యాద. పులిహోర, పూర్ణం బూరెలు, గారెలు, ముద్దపప్పు, గుత్తివంకాయ, కంద బచ్చలి కూర, గుమ్మడికాయ దప్పళం, ఉసిరికాయ పచ్చడి, దద్దోజనం తరచూ కనిపించే వంటకాలు. పులిహోర, దద్దోజనంతో కలిపి కిలో బియ్యం ఎనిమిది నుంచి పది మందికి సరిపోతుందని వంటవాళ్ల అంచనా.

వంటవాళ్లు తెల్లవారకముందే తోటకు చేరి, గాడిపొయ్యి తవ్వి, గుండిగలు ఎక్కిస్తారు. పొయ్యి వెలిగించే ముందు పైన కొమ్మల్లో తేనెపట్టు ఉందేమో చూడాలి. పొగ తగిలితే ఈగలు లేచి జనం మీద పడతాయి. దద్దోజనానికి అన్నం పొద్దున్నే వండినా, పెరుగు వడ్డనకు కాస్త ముందు కలిపితేనే పులవకుండా ఉంటుంది. ఉదయం పదిన్నరకు చల్లారబెట్టిన అన్నంలో పాలు ఎక్కువగా, పెరుగు తక్కువగా వేసి ఉంచి, మిగతా పెరుగు చివర్లో కలపడం అనుభవజ్ఞుల పద్ధతి.

మొదటి బంతి పిల్లలకు, వృద్ధులకు. కొన్ని కార్యాలయాల్లో ఈ బంతికి అధికారులే వడ్డిస్తారు. పై అధికారి చేత పప్పు వడ్డించుకున్న అటెండరు ఆ ముచ్చటను ఏడాదంతా చెప్పుకుంటాడు. వంటవాళ్లు, డ్రైవర్లు ఆఖరి బంతిలో కూర్చునే సరికి బూరెలు అయిపోకుండా వారి వాటా ముందే తీసి పక్కన పెట్టాలి.

దేశంలో 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్, థర్మోకోల్ పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు నిషిద్ధం. వనభోజనాలకు అదేమీ ఇబ్బంది కాలేదు. అరటి ఆకులు, మోదుగాకు విస్తర్లు, మన్యం నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నవే.

ఆటలు

భోజనానికి ముందు ఒళ్లు వంచే ఆటలు, తర్వాత కూర్చుని ఆడేవి పెట్టడం వాడుక. ఉదయం కబడ్డీ, తాడు లాగుడు, గోనెసంచి పరుగు, నిమ్మకాయ చెంచా, కుర్చీలాట నడుస్తాయి. తాడు లాగుడులో శాఖల వారీగా జట్లు కడితే ఆఫీసులోని పాత పోటీలే తోటలోనూ కొనసాగుతాయి. చీటీలు తీసి జట్లు కలిపితే ఏడాదిలో ఒక్కసారీ మాట్లాడుకోని ఇద్దరు ఒకే తాడు పట్టుకుంటారు. ఏడు పెంకులాట, తొక్కుడుబిళ్ల, కర్రాబిళ్ల వంటి పాత ఆటలను పెద్దవాళ్ల చేత పిల్లలకు నేర్పించే సంఘాలూ ఉన్నాయి.

భోజనం తర్వాత తంబోలాదే రాజ్యం. టిక్కెట్టులో మూడు అడ్డ వరుసలు, తొమ్మిది నిలువు గళ్లు ఉంటాయి. ఒక్కో వరుసకు ఐదు చొప్పున మొత్తం పదిహేను అంకెలు. చెప్పేవారు సంచిలోంచి 1 నుంచి 90 వరకు ఉన్న బిళ్లలు ఒక్కొక్కటి తీసి చదువుతారు. ముందు ఐదు అంకెలు కొట్టేసినవారికి, ఒక్కో వరుస పూర్తిచేసినవారికి, నాలుగు మూలలు నిండినవారికి, చివరికి మొత్తం టిక్కెట్టు పూర్తయినవారికి బహుమతులు. చెప్పేవారు చమత్కారి అయితే 18ని భారత పర్వాలని, 27ను నక్షత్రాలని, 60ని ప్రభవాదులని, 64ను కళలని పొడుపుకథలా విసురుతారు. వినికిడి తక్కువైన పెద్దల కోసం అంకెలను బోర్డు మీద రాస్తూ ఉండాలి. ఓపిక, వయసు, బలంతో పని లేని ఆట కావడంతో అమ్మమ్మలు, మనవలు సరిసమానంగా ఆడతారు. అంత్యాక్షరి, సినిమా పేర్ల మూగసైగలు, కోలాటం తర్వాతి వరుసలో వస్తాయి.

నవంబరులో సాయంత్రం ఐదున్నర దాటగానే పొద్దు వాలుతుంది. బహుమతుల పంపకం నాలుగున్నరకే మొదలుపెడితే వెలుతురు ఉండగానే సామాను సర్దుకోవచ్చు. ప్రసంగాలు పొడిగించే అతిథులు ఈ లెక్కకు ప్రధాన శత్రువులు.

భద్రత, నిబంధనలు

2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, విజయవాడ సమీపంలోని పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో పర్యాటకుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి బృందంగా వచ్చినవారు. నది, చెరువు, సముద్రం ఒడ్డున వనభోజనాలు పెట్టుకునేవారు అనుమతి ఉన్న పడవనే ఎక్కడం, లైఫ్ జాకెట్టు లేనిదే కదలకపోవడం, పిల్లలను కనిపెట్టి ఉండేందుకు మనిషిని నియమించడం తప్పనిసరి.

రిజర్వు అడవిలో పొయ్యి వెలిగించడం నేరం. అటవీ శాఖ పార్కులకు వెళ్లేటప్పుడు వంట బయట చేయించి తీసుకెళ్లాలి. లౌడ్ స్పీకరుకు పోలీసుల అనుమతి అవసరం.

విమర్శలు

కుల సంఘాల వనభోజనాలు రాజకీయ బలప్రదర్శనలుగా మారాయన్న విమర్శ ఉంది. అందరూ ఒకే పంక్తిలో కూర్చునే వేడుకను ఒక కులానికే పరిమితం చేయడం దాని ఉద్దేశానికే విరుద్ధమని విమర్శకుల వాదన. చెదిరిన బంధుత్వాలు, పెళ్లి సంబంధాలు, పేద విద్యార్థుల ఉపకార వేతనాలు ఈ కలయికల వల్లే కుదురుతున్నాయని నిర్వాహకులు సమాధానం చెబుతారు. కార్యాలయాల్లో సమస్య వేరు. అక్కడ అన్ని మతాలవారూ ఉంటారు. పూజను ఉదయాన్నే, ఇష్టమున్నవారికే పరిమితం చేసి, అందరినీ ఫలహారం వేళకు రమ్మనడం చాలాచోట్ల కుదిరిన సర్దుబాటు.

ప్రవాసంలో

ఉత్తర అమెరికాలో కార్తీకం నాటికి చలి ముదురుతుంది. అక్కడి తెలుగు సంఘాలు పలుచోట్ల వనభోజనాలను వేసవిలోనే నగర పార్కుల్లో జరుపుకుంటాయి. ఆస్ట్రేలియాలో అది వసంతకాలం కనుక నెల మార్చాల్సిన పని లేదు. వంటమేస్త్రులు దొరకని చోట ఇంటికో వంటకం చొప్పున తెచ్చుకుంటారు. ఎవరు ఏది తేవాలో జాబితా రాసి పంచడమే అక్కడి నిర్వాహకుల మొదటి పని. అది లేకపోతే పది ఇళ్లవారూ పులిహోరే తెస్తారు.