టూపాక్ షకూర్: సాంస్కృతిక ప్రభావం, వారసత్వం

టూపాక్ అమరు షకూర్ (1971 జూన్ 16 – 1996 సెప్టెంబరు 13) అమెరికాకు చెందిన ర్యాప్ గాయకుడు, కవి, నటుడు. పాతికేళ్ల వయసులో హత్యకు గురయ్యాడు. తొలి ఆల్బమ్ వచ్చిన 1991 నవంబరు నుంచి చనిపోయేదాకా లెక్కపెడితే ఐదేళ్లు కూడా నిండలేదు. ఆ కొద్దికాలపు పాటలూ, అంతకుముందు నోటుపుస్తకాల్లో రాసుకున్న కవితలూ అమెరికా నల్లజాతి సాహిత్యంలో, విశ్వవిద్యాలయాల పాఠాల్లో, దేశదేశాల యువజన సంగీతంలో చోటు సంపాదించుకున్నాయి.

పేరు వెనుక ఉద్యమం

టూపాక్ కథను తల్లి అఫెనీ షకూర్ దగ్గర మొదలుపెట్టాలి. ఆమె నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ న్యూయార్క్ శాఖ కార్యకర్త. 1969 ఏప్రిల్‌లో 21 మంది పాంథర్ల మీద పెట్టిన బాంబు కుట్ర కేసులో ఆమె నిందితురాలు. వకీలును పెట్టుకోకుండా, కడుపుతో ఉండి, తన కేసు తానే వాదించుకుంది. 1971 మే నెలలో జ్యూరీ ఆమెనూ తోటివారినీ అన్ని అభియోగాల నుంచీ విముక్తుల్ని చేసింది. నెల తిరిగేసరికి న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో కొడుకు పుట్టాడు. మొదట పెట్టిన పేరు లెసేన్ పారిష్ క్రూక్స్. మరుసటి ఏడాది తల్లి దాన్ని టూపాక్ అమరు అని మార్చింది. పెరూలో స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు లేవదీసి 1781లో క్రూరంగా చంపబడిన రెండో టూపాక్ అమరు పేరది. సవతి తండ్రి ముతులు షకూర్, గాడ్‌ఫాదర్‌గా భావించిన జెరొనిమో ప్రాట్ ఇద్దరూ ఆ ఉద్యమాల నుంచి వచ్చి ఏళ్ల తరబడి జైళ్లలో గడిపినవారే. తర్వాతి రోజుల్లో టూపాక్ పాటల్లో పోలీసులూ, జైళ్లూ, కోర్టులూ అంత సహజంగా కనిపించడానికి మూలం ఈ ఇల్లే.

బాల్టిమోర్, మారిన్ సిటీ

1984లో, పదమూడేళ్ల వయసులో, హార్లెమ్‌లోని అపోలో థియేటర్ వేదిక మీద ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ నాటకంలో పిల్లవాడు ట్రావిస్ పాత్ర వేశాడు. కుటుంబం బాల్టిమోర్‌కు మారాక బాల్టిమోర్ స్కూల్ ఫర్ ది ఆర్ట్స్‌లో చేరాడు. అక్కడ నటన, కవిత్వం, జాజ్, బ్యాలే నేర్చుకున్నాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో నటించాడు. తర్వాత సినీతారగా పేరు తెచ్చుకున్న జేడా పింకెట్ అక్కడి సహాధ్యాయిని, జీవితాంతం స్నేహితురాలు. ‘గ్యాంగ్‌స్టర్ ర్యాపర్’ అన్న ఒక్క మాటతో టూపాక్‌ను ముగించేవారు ఈ బడిని మరచిపోతారు. అతని గొంతులోని నాటకీయత, మాటను ఎక్కడ విరవాలో ఎక్కడ సాగదీయాలో తెలిసిన నేర్పు ఇక్కడ అబ్బినవే.

1988లో కుటుంబం కాలిఫోర్నియాలోని మారిన్ సిటీకి వెళ్లింది. తల్లి కొకైన్‌కు బానిసైన చీకటి రోజులవి. 1989లో లైలా స్టైన్‌బర్గ్ నడిపే కవిత్వ తరగతుల్లో చేరి టూపాక్ విరివిగా రాశాడు. ఆ కవితలే 1999లో ‘ది రోజ్ దట్ గ్రూ ఫ్రమ్ కాంక్రీట్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. అచ్చు కవితకు తోడుగా అతని చేతిరాత ప్రతినీ ముద్రించడం ఈ పుస్తకం ప్రత్యేకత. ‘నేను’ అనే ఆంగ్లపదం రాయాల్సిన చోట కన్ను బొమ్మ గీయడం వంటి అలవాట్లు అందులో కనిపిస్తాయి. ముందుమాట రాసినవారు సుప్రసిద్ధ కవయిత్రి నిక్కీ జొవానీ. ఆమె టూపాక్ మరణానంతరం ‘థగ్ లైఫ్’ అన్న అతని పచ్చబొట్టునే తన చేతి మీద వేయించుకున్నారు. 1997 నాటి తన ప్రేమకవితల సంపుటిని అతనికి అంకితమిచ్చారు. ఒక తరం కవయిత్రి తన తర్వాతి తరం ర్యాపర్‌ను ఇలా సొంతబిడ్డలా అక్కున చేర్చుకోవడం అరుదు.

పాటలు

1991 ఆరంభంలో డిజిటల్ అండర్‌గ్రౌండ్ ర్యాప్ బృందంతో తొలిసారి రికార్డు మీద గొంతు వినిపించాడు. అదే ఏడాది నవంబరు 12న తొలి ఆల్బమ్ ‘టూపాకలిప్స్ నౌ’ వచ్చింది. అందులోని ‘బ్రెండాస్ గాట్ ఎ బేబీ’ పత్రికలో చదివిన ఒక వార్త మీద కట్టిన పాట: పన్నెండేళ్ల పిల్ల బిడ్డను కని చెత్తకుండీలో వదిలిన ఘటన. పల్లవి పునరుక్తులతో నడిచే మామూలు ర్యాప్ పాటలా కాక ఇది కథాగేయంలా ఒక్క ఊపులో సాగుతుంది. తప్పు ఒప్పుల తీర్పు చెప్పకుండా ఆ పిల్లను చుట్టుముట్టిన ఇంటినీ వీధినీ చూపిస్తుంది. 1992లో టెక్సస్‌లో పోలీసును చంపిన యువకుడి తరఫువారు ఈ ఆల్బమ్ ప్రభావాన్ని ప్రస్తావించారు. అప్పటి ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఇలాంటి రికార్డుకు సమాజంలో చోటు లేదని బహిరంగంగా ఖండించాడు. 1993లో వచ్చిన ‘కీప్ యా హెడ్ అప్’ ఒంటరి తల్లులకు, పేద నల్లజాతి స్త్రీలకు ధైర్యం చెప్పింది.

అదే గాయకుడు లైంగిక దౌర్జన్యం కేసులో 1994 డిసెంబరు 1న దోషిగా తేలాడు. తాను నిర్దోషినని చివరిదాకా అన్నాడు. స్త్రీల పక్షాన పాడిన పాటలూ, ఈ శిక్షా, స్త్రీలను తూలనాడే మరికొన్ని పాటలూ ఒకే మనిషివి కావడాన్ని అతని మీద వచ్చిన గంభీరమైన రచనలేవీ దాటవేయలేదు. తీర్పుకు ముందురోజు మన్‌హాటన్‌లోని క్వాడ్ స్టూడియోలో అతని మీద కాల్పులు జరిగాయి. ఐదు గాయాలతో బతికి బయటపడ్డాడు. జైల్లో ఉండగా 1995 మార్చిలో విడుదలైన ‘మి ఎగైన్‌స్ట్ ది వరల్డ్’ బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఖైదులో ఉన్న కళాకారుడి ఆల్బమ్ ఆ స్థానం అందుకోవడం అదే మొదలు. అందులోని ‘డియర్ మామా’ తల్లి వ్యసనాన్ని దాచకుండానే ఆమెకు నమస్కరించే పాట. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2010లో దాన్ని జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది.

1995 అక్టోబరులో డెత్ రో రికార్డుల సంస్థ అధిపతి షుగ్ నైట్ కట్టిన 14 లక్షల డాలర్ల జామీనుపై విడుదలై, 1996 ఫిబ్రవరిలో జంట ఆల్బమ్ ‘ఆల్ ఐజ్ ఆన్ మీ’ ఇచ్చాడు. తూర్పు, పడమర తీరాల ర్యాపర్ల మధ్య వైరం ముదిరిన కాలమది. సెప్టెంబరు 7న లాస్ వేగాస్‌లో మైక్ టైసన్ బాక్సింగ్ పోటీ చూసి వెళ్తుండగా కారులో కాల్పులకు గురై ఆరురోజుల తర్వాత కన్నుమూశాడు. ఆర్నెల్లకు, 1997 మార్చి 9న, ప్రత్యర్థిగా పేరుపడ్డ తూర్పు తీరపు ర్యాపర్ నొటోరియస్ బి.ఐ.జి. కూడా లాస్ ఏంజెలెస్‌లో ఇలాగే హతమయ్యాడు.

మరణానంతరం

బతికుండగా వచ్చినవి నాలుగు సోలో ఆల్బమ్‌లు. పోయాక వచ్చినవి అంతకన్నా ఎక్కువ. స్టూడియోలో రాత్రింబవళ్లు కూర్చుని రికార్డు చేసి వదిలిన పాటలే దానికి కారణం. వాటిలో గాయకుడు బ్రూస్ హార్న్స్‌బీ బాణీ మీద కట్టిన ‘ఛేంజెస్’ 1998లో వెలువడి ఎంతో ప్రచారం పొందింది. 2009లో వాటికన్ తన పాటల జాబితాలోనూ దాన్ని చేర్చింది.

విద్యాలోకం త్వరగానే స్పందించింది. 1997లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి టూపాక్ కవిత్వం మీద తరగతి నడిపాడు. పండితుడు మైకల్ ఎరిక్ డైసన్ 2001లో అతని మీద పుస్తకం రాశాడు. 2003లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అతణ్ని ఆధునిక జానపద వీరుడిగా పరిశీలించే సదస్సు జరిగింది. అదే ఏడాది వచ్చిన ‘టూపాక్: రిజరెక్షన్’ డాక్యుమెంటరీ, అతని గొంతుతోనే కథ చెప్పించి, ఆస్కార్ ప్రతిపాదన పొందింది. 2012 ఏప్రిల్‌లో కోచెల్లా సంగీతోత్సవంలో ర్యాపర్ స్నూప్ డాగ్ పక్కన అతని ప్రతిబింబాన్ని నిలబెట్టారు. పత్రికలు హోలోగ్రామ్ అన్నా అది 19వ శతాబ్దపు రంగస్థల అద్దాల చిట్కాకు కొత్త రూపం. 2014లో అతని పాటలతో కట్టిన బ్రాడ్వే నాటకం నెలరోజులకే ఆగిపోయింది. 2017లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

అమెరికా బయట ఈ ప్రభావం వింత దారులు తొక్కింది. సియెర్రా లియోన్ అంతర్యుద్ధంలో తిరుగుబాటు దళాల కుర్రవాళ్లు టూపాక్ బొమ్మ ఉన్న చొక్కాలు తొడిగారు. అన్యాయాన్ని ప్రశ్నించిన గొంతు హింసకు గుర్తుగా మారడం విషాదం. మరోపక్క లోద్ పట్టణపు పాలస్తీనియన్ ర్యాప్ బృందం డామ్ సభ్యుడు తామెర్ నఫార్ అతని ప్రభావాన్ని కృతజ్ఞతతో చెప్పుకున్నాడు.

సాహిత్యంలో గుర్తుంచుకోదగ్గది ఆంజీ థామస్ 2017 నాటి నవల ‘ది హేట్ యు గివ్’. ‘థగ్ లైఫ్’ అక్షరాలకు టూపాక్ చెప్పిన విస్తరణలోంచే ఆ పేరు పుట్టింది. సమాజం పసిపిల్లల్లో నాటే ద్వేషం చివరికి అందరికీ చుట్టుకుంటుందన్నది ఆ విస్తరణ సారం. వారసుల్లో అగ్రగణ్యుడు కాంప్టన్‌కు చెందిన కెండ్రిక్ లమార్. 2015 నాటి ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ చివరి పాటలో, 1994లో స్వీడన్ రేడియోకు టూపాక్ ఇచ్చిన ఇంటర్వ్యూలోంచి ముక్కలు తీసుకుని, తన ప్రశ్నలు మధ్యలో చేర్చి, చనిపోయిన కవితో సంభాషణ అల్లాడు. ఆ ఆల్బమ్‌లో హృదయాన్ని కదిలించే భాగమది. 2024లో ర్యాపర్ డ్రేక్ కృత్రిమ మేధతో చేసిన టూపాక్ గొంతును తన పాటలో వాడినప్పుడు టూపాక్ హక్కులను చూసే వారసత్వ సంస్థ అభ్యంతరం చెప్పి తీయించింది.

అఫెనీ షకూర్ 2016లో కన్నుమూసింది. టూపాక్ హత్య కేసులో తొలి అరెస్టు 27 ఏళ్ల తర్వాత, 2023 సెప్టెంబరులో జరిగింది. అదే ఏడాది ఓక్లండ్‌లో ఒక వీధికి టూపాక్ పేరు పెట్టారు. అతని చేతిరాత ప్రతులు, పాటల చిత్తుప్రతులు అట్లాంటాలోని రాబర్ట్ వుడ్రఫ్ గ్రంథాలయానికి చేరాయి. మార్టిన్ లూథర్ కింగ్ కాగితాలను భద్రపరిచిన గ్రంథాలయమూ అదే.