లింకన్‌ను తూచిన లండన్ తక్కెడ

1861 మార్చి 4న వాషింగ్టన్‌లో జేమ్స్ బుకానన్ గద్దె దిగాడు, అబ్రహాం లింకన్ ఎక్కాడు. ఆ ఇద్దరిలో దేశాన్ని ఏలే అర్హత ఎవరికి ఉందని ఆనాటి లండన్ పెద్దమనుషులను అడిగితే వాళ్లు తడుముకునేవాళ్లు కారు. బుకానన్ ప్రతినిధుల సభలోనూ సెనేట్‌లోనూ కూర్చున్నవాడు, రష్యాకు రాయబారిగా వెళ్లినవాడు, విదేశాంగ శాఖ నడిపినవాడు. 1853 నుంచి 1856 దాకా లండన్‌లోనే రాయబారిగా ఉండి అక్కడి దర్బారు మర్యాదలన్నీ ఎరిగినవాడు. 1858లో అట్లాంటిక్ అడుగున మొదటి టెలిగ్రాఫ్ తీగ పడ్డప్పుడు విక్టోరియా రాణి సందేశం అందుకున్నది ఆయనే. 1860లో యువరాజు అమెరికా వెళ్తే ఇంట్లో దించుకుని ఆతిథ్యమిచ్చిందీ ఆయనే. లింకన్ కెంటకీలో చెక్క గుడిసెలో పుట్టాడు. అన్నీ కలిపినా ఏడాదిపాటు బడికి వెళ్లలేదు. ఇల్లినాయ్‌లో వకీలు. దేశ స్థాయిలో చేసిన పదవల్లా ప్రతినిధుల సభలో ఒక్క విడత, రెండేళ్లు. ఐరోపా మొహం చూడలేదు. గెలిచిన ఎన్నికల్లోనూ నూటికి 40 ఓట్లు పడలేదు. అయినా అంతటి అనుభవశాలి బుకానన్ తన చివరి నెలల్లో ఏం చేశాడు? 1860 డిసెంబరు 20న సౌత్ కరోలినా యూనియన్ నుంచి విడిపోయింది. ఫిబ్రవరి మొదలయ్యేసరికి ఏడు రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. విడిపోవడం చట్టవిరుద్ధమే గాని, ఆపే అధికారం కేంద్రానికి లేదని చెప్పి ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ అమెరికా చరిత్రకారులు తమ అధ్యక్షులకు వరుస కట్టినప్పుడు లింకన్‌ను తలభాగాన, బుకానన్‌ను అట్టడుగు వరుసల్లో పెడుతున్నారు.

లండన్ పొరబడిందని చెప్పి వదిలేస్తే ఈ తారుమారులోని అసలు సంగతి మనకు అందదు. ఎందుకు పొరబడింది, అక్కడ ఎవరు పొరబడలేదు అన్నవి అడగాలి. అలా అడిగితే కనిపించేది ఇది: సముద్రానికి ఆవల ఉన్న నాయకుడి యోగ్యత మీద ఐరోపా ఇచ్చిన తీర్పుల్లో చాలావాటికి మూలం ఆ నాయకుడు కాదు, ఐరోపాలో అప్పటికే నడుస్తున్న ఇంటి తగాదా. 1860ల బ్రిటన్‌లో ఆ తగాదా ఓటు గురించి. అప్పటికి వయసొచ్చిన మగవాళ్లలో అయిదుగురికి ఒక్కరికే, అటూఇటుగా, ఓటు ఉండేది. కూలివాడికి ఓటిస్తే దేశం ఏమవుతుందో చూడండని ఒక పక్షం అమెరికా వైపు వేలు చూపేది. అదే అమెరికాను చూపించి, ఓటిచ్చినా దేశం నిలబడిందిగా అని రెండో పక్షం వాదించేది. ఈ వాదులాట మధ్యలోకి చేతులు కాయలు కాచిన లింకన్ వచ్చిపడ్డాడు. ఆయన ఓడితే ఒక పక్షం నెగ్గినట్టు, గెలిస్తే రెండో పక్షం నెగ్గినట్టు.

‘టైమ్స్’ పత్రిక అప్పుడు బ్రిటిష్ పాలకవర్గానికి గొంతు. ఆ పత్రిక 1861లో తన పేరుమోసిన యుద్ధ విలేకరి విలియం హోవర్డ్ రసెల్‌ను అమెరికా పంపింది. ఆయన మార్చి చివర్లో లింకన్‌ను కలిశాడు. పొడవాటి చేతులు, కుదరని బట్టలు, వికారమైన నడక, అన్నీ గమనించి రాసుకున్నాడు. కానీ ఆ మనిషి చురుకుదనం, హాస్యం, సహజమైన వివేకం చూసి సదభిప్రాయంతో బయటికి వచ్చానని కూడా రాసుకున్నాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడిన విలేకరికి తెలిసిన ఈ రెండో సగం లండన్ సంపాదకీయాల్లో ఎక్కడా నిలవలేదు. ‘పంచ్’ వారపత్రికలో జాన్ టెనియల్ గీసిన కార్టూన్లయితే మొదటి సగాన్నే పట్టుకుని నాలుగేళ్లు నడిచాయి. 1862 అక్టోబరులో బానిసల విముక్తి ప్రకటన వార్త చేరగానే ఆయన లింకన్‌ను పేకాటలో చివరి ముక్క విసిరే జూదరిగా గీశాడు. 1864 డిసెంబరులో, లింకన్ రెండోసారి గెలిచాక, రాజ్యాంగాన్నీ పత్రికా స్వేచ్ఛనూ కాల్చిన మంటల్లోంచి లేచే పక్షిగా గీశాడు. నాలుగేళ్లలో బొమ్మలోని మనిషి మారలేదు. బయట మాత్రం అసలు మనిషి చాలా మారాడు.

ఆ దూరపు చూపుకు అందనిదేమిటో చెప్పడానికి ఒక్క ఉదాహరణ మీద కాస్త ఆగాలి. లింకన్ మంత్రివర్గంలో లండన్ మెచ్చదగిన మనిషి విదేశాంగ మంత్రి విలియం సీవర్డ్: న్యూయార్క్ గవర్నరుగా, సెనేటరుగా పనిచేశాడు, 1859లో ఐరోపా అంతా తిరిగొచ్చాడు. ఆ సీవర్డే 1861 ఏప్రిల్ 1న అధ్యక్షుడికి ఒక పత్రం పంపాడు. స్పెయిన్, ఫ్రాన్సులను సంజాయిషీ అడుగుదాం, జవాబు నచ్చకపోతే యుద్ధానికే దిగుదామన్నది అందులోని సలహా. లింకన్ దాన్ని రచ్చ చేయకుండా పక్కన పెట్టాడు. మే నెలలో లండన్‌లోని తమ రాయబారి చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్‌కు సీవర్డ్ నిప్పులాంటి ఉత్తరం తయారుచేస్తే, లింకన్ కలం పట్టి అందులోని పదును తగ్గించాడు. ఆ ఏడాది నవంబరు 8న ‘ట్రెంట్’ అనే బ్రిటిష్ ఓడను అమెరికా నౌకాదళ కెప్టెన్ అటకాయించి, అందులో వెళ్తున్న, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల దూతలను ఇద్దరిని పట్టుకున్నప్పుడు బ్రిటన్ యుద్ధానికి సిద్ధమై వేల మంది సైనికులను కెనడాకు పంపింది. 1858 నాటి తీగ కొన్ని వారాలకే మూగబోయింది కాబట్టి కబురు ఓడల మీదే రావాలి, పోవాలి. ఆ జాప్యంలో రెండు వైపులా కోపం చల్లబడింది. క్రిస్మస్ రోజున, మరుసటి రోజున వాషింగ్టన్‌లో మంత్రివర్గం కూర్చుని దూతలను వదిలేయాలని తేల్చింది. దౌత్యం తెలియదని లండన్ అనుకున్న లింకన్ హయాంలోనే బ్రిటన్‌తో యుద్ధం తప్పింది. ఆ సంగతి తెలిశాక కూడా లండన్ తన అంచనాను తిరగదోడుకోలేదు.

తిరగదోడుకోకపోగా 1862లో బ్రిటిష్ మంత్రులు ఇంకో అడుగు వేశారు. ప్రధాని పామర్స్‌టన్, విదేశాంగ మంత్రి రసెల్ (విలేకరి రసెల్ కాదు) ఆ సెప్టెంబరులో ఉత్తర దక్షిణాల మధ్య నడుస్తున్న యుద్ధంలో జోక్యం చేసుకోవడం గురించి ఉత్తరాలు రాసుకున్నారు. అక్టోబరు 7న ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టన్ న్యూకాజిల్‌లో విందు సభలో లేచి, దక్షిణాది నాయకుడు జెఫర్సన్ డేవిస్ సైన్యాన్నే కాదు, ఒక జాతినే నిర్మించాడని మెచ్చుకున్నాడు. డేవిస్ వెస్ట్‌పాయింట్‌లో చదివాడు, యుద్ధశాఖ మంత్రిగా, సెనేటరుగా చేశాడు, పెద్దమనిషిలా కనిపిస్తాడు. లక్షలాది మనుషులను ఆస్తిగా ఉంచుకునే వ్యవస్థకు ఆయన అధిపతి అన్న విషయం ఆ పొగడ్తకు అడ్డం రాలేదు. నవంబరులో మంత్రివర్గం జోక్యాన్ని తోసిపుచ్చింది. ఆ ఉపన్యాసం ఘోరమైన తప్పని గ్లాడ్‌స్టన్ 1896లో తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

ఆ 1862లోనే అదే దేశంలో లింకన్‌ను సరిగ్గా చదివినవాళ్లూ ఉన్నారు. రోచ్‌డేల్ నూలు మిల్లుల యజమాని, పార్లమెంటు సభ్యుడు జాన్ బ్రైట్ వాళ్లలో ముఖ్యుడు. ఓటు హక్కు విస్తరణకు ఆయనే పెద్ద గొంతు. లింకన్ హత్య జరిగిన రాత్రి ఆయన జేబుల్లో దొరికిన పత్రికా ముక్కల్లో బ్రైట్ ఇచ్చిన ప్రశంస ఒకటి. లండన్‌లో తలదాచుకున్న కార్ల్ మార్క్స్ 1862 అక్టోబరులో వియన్నా పత్రికకు రాస్తూ, ఆడంబరం లేకుండా మామూలు వకీలు నోటీసు భాషలో మహా కార్యాలు చేయడమే ఈ మనిషి ప్రత్యేకత అని గుర్తించాడు. లంకషైర్ మిల్లు కార్మికుల సంగతి మరీ గొప్పది. బ్రిటన్ మిల్లులకు అయ్యే పత్తిలో నూటికి 80 వంతులు అమెరికా నుంచే వచ్చేది. యుద్ధంతో అది ఆగిపోయింది. ఆ లోటు పూడ్చడానికి మన దేశపు పత్తి కోసం వెతుకులాట మొదలైంది. గుంటూరు, కృష్ణా సీమల పత్తి కాకినాడ రేవు పేరు మీదే ‘కోకనాడాస్’గా బ్రిటిష్ వ్యాపారులకు పరిచయం. అయినా చాలలేదు. 1862 చివరికి లంకషైర్‌లో దాదాపు అయిదు లక్షల మంది దానధర్మాల మీద బతుకుతున్నారు. ఆ డిసెంబరు 31న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాలులో కార్మికులు సభ పెట్టి, బానిసత్వాన్ని తుదముట్టించే పనిలో మీకు అండగా ఉన్నామని లింకన్‌కు ఉత్తరం రాశారు. జనవరి 19న లింకన్ జవాబు రాశాడు. ఫిబ్రవరిలో అమెరికా నుంచి పిండి బస్తాలతో ఒక ఓడ లివర్‌పూల్ చేరింది. ఓటు లేనివాళ్లు, ఆకలితో ఉన్నవాళ్లు ఆ నాయకుడి విలువ పట్టుకోగలిగారు. ఆయన బట్టల కుట్టును కాక ఆయన చేస్తున్న పనిని చూశారు కాబట్టే అది వాళ్లకు సాధ్యమైంది.

ఈ విభజన గీత గీసినంత సూటిగా లేదన్నది నిజమే. గ్లాడ్‌స్టన్ సంప్రదాయవాది కాదు, ఉదారవాది. లంకషైర్‌లోనే దక్షిణాదిని బలపరిచిన కార్మిక సభలు జరిగాయి, ఆకలి అందరినీ ఒకే వైపు నడిపించదు. లింకన్‌ను తప్పుపట్టడానికి గట్టి కారణాలూ ఉన్నాయి. బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్లనని ఆయన తొలి ప్రసంగంలోనే చెప్పాడు. అలాంటప్పుడు ఈ యుద్ధం దేనికని 1861లో ఆంగ్ల ఉదారవాదులు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. విచారణ లేకుండా మనుషులను జైల్లో పెట్టాడు, కొన్ని పత్రికలు మూతపడ్డాయి. విముక్తి ప్రకటన కూడా తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది, యూనియన్‌లో నిలిచిన బానిస రాష్ట్రాలను తాకలేదు. ఇవన్నీ చేతల మీద విమర్శలు, వాటిని నేను తోసిపుచ్చను. తేడా ఎక్కడ కనిపిస్తుందంటే, చేతలను విమర్శించినవాళ్లలో చాలామంది విముక్తి ప్రకటన అమలైన 1863 జనవరి 1 తర్వాత అభిప్రాయం మార్చుకున్నారు. కారణం, చేత మారింది. మనిషి తీరును వెక్కిరించినవాళ్లు 1865 ఏప్రిల్‌లో ఆయన చనిపోయేదాకా మారలేదు. మే 6న ‘పంచ్’ పశ్చాత్తాప గీతం అచ్చువేసింది. దాన్ని రాసిన టామ్ టేలరే ఫోర్డ్ థియేటర్‌లో హత్యకు గురైనప్పుడు లింకన్ చూస్తున్న నాటకానికి రచయిత.

అమెరికాలోనూ లింకన్‌ను కోతి అన్నవాళ్లు లేరా అంటే, బోలెడంత మంది. ఆయన సేనాధిపతి మెక్లెల్లనే గొరిల్లా అని రాశాడు. రాయబారి ఆడమ్స్ సైతం అసలు బుర్ర సీవర్డ్‌దేనని 1873లో బహిరంగంగా వాదించాడు. అయితే ఆ విమర్శకులకు ఒక పరీక్ష ఎదురైంది. 1864 నవంబరు 8న అదే మెక్లెల్లన్ ఎదురు నిలబడి 21 ఎలక్టొరల్ ఓట్లు తెచ్చుకుంటే లింకన్‌కు 212 వచ్చాయి. ఇంట్లోవాళ్ల తీర్పు తప్పయినా దాన్ని దిద్దే తేదీ ముందే రాసి ఉంటుంది. లండన్ తీర్పుకు అలాంటి గడువు లేదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ‘ఎకానమిస్ట్’ సంపాదకుడు వాల్టర్ బాజట్‌ది. లింకన్ గొప్పవాడని ఆయన ఒప్పుకున్నాడు. కానీ ముక్కూమొహం తెలియని మనిషిని ఎన్నుకుంటే అతను గొప్పవాడుగా తేలడం అదృష్టం, ఆ పద్ధతి మంచిదనడానికి రుజువు కాదన్నాడు. పార్లమెంటు అయితే ఏళ్ల తరబడి చర్చల్లో నలిగిన మనిషినే పైకి తెస్తుందని ఆయన లెక్క. తేలిగ్గా కొట్టేయగల వాదన కాదిది. కానీ అమెరికా పద్ధతిలోనూ ఏళ్లు నలిగి పైకొచ్చిన మనిషి బుకానన్. పార్లమెంటు నలగ్గొట్టి నిలబెట్టిన పామర్స్‌టన్, రసెల్, గ్లాడ్‌స్టన్‌లే 1862లో బానిసత్వపు రాజ్యాన్ని దాదాపు గుర్తించబోయారు. నలగడం మనిషికి నేర్పరితనం ఇస్తుంది. ఏ పక్షాన నిలబడాలో నేర్పదు. ఈ వాదన ఉన్న బాజట్ పుస్తకం అచ్చయిన 1867లోనే బ్రిటన్ ఓటర్ల సంఖ్యను దాదాపు రెట్టింపు చేసే చట్టం వచ్చింది. లింకన్ గెలుపు దానికి ఒక్కటే కారణం కాదు గాని, ప్రజాస్వామ్యం కూలిపోతుందన్న వాదనకు అప్పటికి బలం తగ్గింది.

ఐరోపా ఎప్పుడూ తక్కువే చేసి చూసిందనుకోనక్కర్లేదు. 1918 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ పారిస్‌లో దిగితే జనం పోటెత్తారు, లండన్, రోమ్‌లలోనూ అదే జరిగింది. ఆచార్యుడు, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా చేసినవాడు, ఐరోపాకు నచ్చే అచ్చు. కానీ నెల కిందటి ఎన్నికల్లోనే ఆయన పక్షం ఉభయ సభలనూ పోగొట్టుకుంది. 1919 నవంబరులో, మళ్లీ 1920 మార్చిలో సెనేట్ ఆయన తెచ్చిన వెర్సాయ్ శాంతి ఒప్పందాన్ని తిరస్కరించింది. 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లండన్ ‘గార్డియన్’ పత్రిక ఓహాయోలోని క్లార్క్ కౌంటీ ఓటర్లకు ఉత్తరాలు రాయమని పాఠకులను కోరింది. ఇరాక్ యుద్ధంలో తమ సైనికులూ చనిపోతున్నారు కాబట్టి మాట్లాడే హక్కు వాళ్లకు ఉంది. కానీ ఎవరికి ఓటేయాలో చెప్పబోయిన ఆ ఉత్తరాలకు మండిపాటు జవాబులొచ్చాయి. 2000లో గోర్ గెలిచిన ఆ కౌంటీలో ఈసారి బుష్ గెలిచాడు, ఉత్తరాలే కారణమని తేల్చలేం గాని. మాంచెస్టర్ కార్మికులు లింకన్‌కు ఓటేయమని ఎవరికీ చెప్పలేదు. ఆయన చేస్తున్న పనిలో ఏది సరైనదో, దానికోసం తాము ఏం భరిస్తున్నారో చెప్పారు.

లింకన్ రూపం మీద వివాదం ఆయన చనిపోయిన అర్ధ శతాబ్దానికి మళ్లీ లేచింది, ఈసారి మొదలుపెట్టింది అమెరికన్లు. జార్జ్ గ్రే బర్నార్డ్ చెక్కిన లింకన్ విగ్రహం నకలును లండన్‌లో పెట్టాలని అనుకున్నారు. ముడతల బట్టలు, పెద్ద చేతులు, పెద్ద పాదాలు, పొట్ట మీద చేతులు కట్టుకున్న నిలువు. లింకన్ కొడుకు, ఒకప్పుడు లండన్‌లో రాయబారిగా పనిచేసిన రాబర్ట్ లింకన్, తండ్రిని ఇంత వికారంగా చూపిస్తారా అని గట్టిగా అడ్డుపడ్డాడు. 1920లో లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో సెయింట్ గాడెన్స్ చెక్కిన హుందా లింకన్ నకలు నిలిచింది. బర్నార్డ్ విగ్రహాన్ని అంతకు ముందు ఏడాదే మాంచెస్టర్ తీసుకుంది. లంకషైర్ కార్మికులకు లింకన్ రాసిన జవాబులోని మాటలు దాని పీఠం మీద ఉన్నాయి.