కత్తిచేప వేట: యూరప్‌లో స్పెయిన్ టాప్.. మధ్యధరాలో ఇటలీదే హవా, మరి చేప మిగులుతుందా?

యూరప్ మార్కెట్లలో మంచి రేటు పలికే చేపల్లో కత్తిచేప ఒకటి. ఇంగ్లిష్‌లో స్వోర్డ్ ఫిష్ అంటారు. పై దవడ కత్తిలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి ఆ పేరు. మన విశాఖ తీరంలో దొరికే కొమ్ముకోనం కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ, జాతి వేరు.

యూరోపియన్ యూనియన్‌లో ఈ చేపను అందరికంటే ఎక్కువగా పట్టేది స్పెయిన్. ఆ దేశం బోట్లు అట్లాంటిక్‌తో ఆగకుండా పసిఫిక్, హిందూ మహాసముద్రాల దాకా వెళ్తాయి. అట్లాంటిక్‌లో పోర్చుగల్‌కూ గట్టి వాటా ఉంది. మధ్యధరా సముద్రానికి వస్తే లెక్క మారుతుంది. అక్కడ ఇటలీ ముందుంటుంది, ఆ తర్వాతే స్పెయిన్, గ్రీస్. సైప్రస్, మాల్టా లాంటివి పట్టేది కొంచెమే.

వేట ఎక్కువగా రాత్రిపూటే. పగలు లోతుల్లో తిరిగే చేప చీకటి పడ్డాక పైకి వస్తుంది. కిలోమీటర్ల పొడవు తాడుకు వందలు, వేల గాలాలు కట్టి వదులుతారు. మెస్సీనా జలసంధిలో మాత్రం ఈటెతో పొడిచే పాత పద్ధతి ఇంకా బతికే ఉంది. ఎత్తైన స్తంభం ఎక్కి ఒకరు చేపను కనిపెడితే, బోటు ముందుకు చాచిన పొడవాటి వంతెన చివర నుంచి ఇంకొకరు ఈటె విసురుతారు. పిల్ల చేప జోలికి వెళ్లని వేట ఇదొక్కటే అనొచ్చు.

అసలు గొడవ ఆ పిల్ల చేపల దగ్గరే. మధ్యధరాలో పట్టుబడే వాటిలో సగానికి పైగా మూడేళ్లు నిండనివేనని శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అంటే చాలావరకు ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకుండానే వలకో, గాలానికో చిక్కుతున్నాయి. డాల్ఫిన్లు, తాబేళ్లను కూడా చంపేస్తున్న కొట్టుకుపోయే వలలను ఈయూ 2002లో నిషేధించింది. అయినా వాడకం ఆగలేదు. సరిగ్గా కట్టడి చేయలేదంటూ 2009లో యూరప్ కోర్టు ఇటలీని తప్పుబట్టింది.

చివరికి ట్యూనా చేపల అంతర్జాతీయ కమిషన్ ఐక్యాట్ రంగంలోకి దిగింది. మధ్యధరా కోసం 2017 నుంచి 15 ఏళ్ల ప్లాన్ పెట్టింది. మొత్తం కోటా 10,500 టన్నులు, 2018 నుంచి 2022 వరకు ఏటా 3 శాతం కోత. కత్తి కాకుండా మీటర్ కంటే చిన్న చేప పట్టకూడదు. ఏటా మూడు నెలలు వేట బంద్. ఈ గడువు 2031 వరకు ఉంది.