పాత కార్ల ఇంధన వ్యవస్థ మరమ్మత్తులో అగ్ని భద్రత

పాత కార్లలోని పెట్రోలు ట్యాంకు, గొట్టాలు, పంపు, కార్బురేటర్‌లను విప్పి బాగుచేసేటప్పుడు మంటలు చెలరేగే అవకాశం ఎక్కువ. మండేది ద్రవరూపంలోని పెట్రోలు కాదు, దాని ఆవిరి. అందువలన ఆవిరిని పోగుకానివ్వకపోవడం, నిప్పురవ్వను దరిచేరనివ్వకపోవడం ఈ పనిలో రెండు ముఖ్య సూత్రాలు. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుండే పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో, ముఖ్యంగా రామగుండం, మంచిర్యాల ప్రాంతాలలో, పెట్రోలు మరింత వేగంగా ఆవిరవుతుంది కనుక ఈ జాగ్రత్తలకు ప్రాధాన్యత ఎక్కువ.

నేపథ్యం

భారతదేశంలో పాత కార్లనగానే గుర్తుకు వచ్చేవి హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 సంవత్సరాలు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా పరిగణిస్తారు.

ప్రమాద కారణాలు

* పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సుమారు మైనస్ 43 డిగ్రీల సెల్సియస్. అంటే చలికాలంలో కూడా దాని ఆవిరి అంటుకోగలదు. గాలిలో సుమారు 1.4 నుండి 7.6 శాతం ఆవిరి కలిస్తే చాలు, ఆ మిశ్రమం మండుతుంది.
* పెట్రోలు ఆవిరి గాలి కంటే 3 నుండి 4 రెట్లు బరువైనది. అది నేలమీదుగా పాకి, కారు కింద పనిచేసే గుంతలో నిలిచిపోతుంది. దూరంలో ఉన్న పొయ్యి, బీడీ నిప్పు కూడా దానిని అంటించగలవు.
* పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజనులో కార్బురేటర్, పొగగొట్టపు మానిఫోల్డ్ ఒకే వైపున ఉంటాయి. ఫ్లోట్ పాడై పొంగిన పెట్రోలు వేడి లోహంపై పడే ప్రమాదం ఉంది.
* ఎండాకాలంలో గొట్టంలోనే పెట్రోలు ఆవిరై ఇంజను ఆగిపోవడాన్ని వేపర్ లాక్ అంటారు. పంపుపై తడిగుడ్డ కప్పి చల్లబరచడం వాడుకలో ఉన్న పద్ధతి. వేడిమీద గొట్టం విప్పితే పెట్రోలు చిమ్ముతుంది.
* 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరు గొట్టాలను, వాషర్లను మెత్తబరచి పగుళ్ళు తెప్పించగలదు. అందువలన ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలను అమర్చాలి.

జాగ్రత్తలు

# ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, ఆరుబయట నీడలో పని చేయాలి. గుంతలో చేయరాదు.
# పెట్రోలు గొట్టం విప్పకముందే బ్యాటరీ ఎర్త్ తీగను తొలగించాలి. బ్రిటిష్ తయారీ పాత కార్లు కొన్నింటిలో ధన ధ్రువమే ఎర్త్‌గా ఉంటుంది.
# పెట్రోలును మూత గల లోహపు డబ్బాలోకి తీయాలి. స్థిర విద్యుత్తు వలన రవ్వ పుట్టకుండా డబ్బాను నేలపై ఉంచాలి. నోటితో పీల్చి తీయడం ఊపిరితిత్తులకు ప్రాణాంతకం కావచ్చు.
# ఇంజను స్టార్టు కావడానికి కార్బురేటర్ నోటిలో పెట్రోలు పోయడం, పంపు చెడినపుడు సీసా నుండి గొట్టం ద్వారా పెట్రోలు అందించడం అత్యంత ప్రమాదకరం. ఇంజను వెనక్కి మంట చిమ్మితే చేతిలోని సీసాకే నిప్పంటుకుంటుంది.
# ఖాళీ ట్యాంకుకు వెల్డింగు చేయరాదు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకు పేలే అవకాశం ఎక్కువ.
# పని ముగిశాక ఇంజను నడిపే ముందు ప్రతి కీలు వద్ద తడి ఉన్నదేమో చూడాలి.

మంటలు చెలరేగితే

పెట్రోలు నీటిపై తేలుతుంది కనుక నీరు చల్లితే మంట వ్యాపిస్తుంది. పొడి రసాయనం, నురుగు లేదా కార్బన్ డయాక్సైడ్ అగ్నిమాపక పరికరాన్ని పని మొదలుపెట్టకముందే చేతికి అందేలా ఉంచుకోవాలి. చిన్న మంటపై పొడి ఇసుక వేయవచ్చు. బానెట్ కింద మంట కనబడితే, గాలి లోపలికి చేరకుండా దానిని పూర్తిగా తెరవక సందులోనుండి పరికరాన్ని వాడాలి. మంట అదుపు తప్పితే దూరంగా వెళ్ళి 101 లేదా 112కు ఫోను చేయాలి. బట్టలకు నిప్పంటుకున్నవారు పరుగెత్తక నేలపై దొర్లాలి. కాలిన గాయాన్ని కనీసం 20 నిమిషాలపాటు చల్లని నీటి ధారకింద ఉంచి, ఆసుపత్రికి చేర్చడానికి 108కు ఫోను చేయాలి.

ఇవి కూడా చూడండి

* కార్బురేటర్
* అంబాసిడర్ కారు
* అగ్నిమాపక దళం