అంట్ల తొట్టిలో తెట్టు

శ్రావణ శుక్రవారం వచ్చిందంటే తెల్లారేసరికల్లా గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో ఉంటాన్నేను. పోయిన వారం చామంతులు బేరమాడుతూ, "ఈ నీళ్ళ బరువు కూడా మాకే అమ్ముతావటమ్మా?" అన్నాను.

"నీళ్ళు జల్లకుంటే ఇంటికి పోయేలోపల్నే వాడిపోతయ్ అమ్మా. దాహం మనకేనా, పూలకుండదా?" అంది పూలామె.

పెళ్ళి కుదిరిందని బి.యస్సీ. రెండో ఏట మానేసినదాన్ని. ఆ మాటతో పాత పాఠం గుర్తొచ్చింది. పువ్వు బిగువంతా దాని కణాల్లోని నీళ్ళదే. ప్రతి కణాన్నీ ఒక పలచని పొర కాపాడుతూ ఉంటుంది. నీళ్ళు దాని గుండా వస్తూ పోతూ ఉంటాయి. ఉప్పూ చక్కెరా మాత్రం అంత సులువుగా దాటలేవు. నీరు నిండితే రేక నిలబడుతుంది, తగ్గితే వాలిపోతుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించగానే ఊట దిగుతుందే, అదీ ఇదే కథ. బయటి ఉప్పు లోపలి నీటిని లాగేస్తుంది.

మరి కంటికి కనిపించని ఆ పొర తీరు తెలుసుకునే దారి ఎక్కడ మొదలైందనుకున్నారు? అంట్ల తొట్టిలో!

ఆగ్నెస్ పోకెల్స్ 1862లో పుట్టింది. జర్మనీలో బ్రన్స్‌విక్ అనే ఊళ్ళో పెరిగింది. ఆడపిల్లలకు అప్పట్లో అక్కడి విశ్వవిద్యాలయాల్లో చోటు లేదు. తమ్ముడు భౌతికశాస్త్రం చదివి పుస్తకాలు పంపితే, ఈవిడ వంటా వార్పూ, జబ్బుమనుషులైన తల్లిదండ్రుల సేవా చూసుకుంటూ చదువుకునేది. అంట్ల నీళ్ళమీద తేలే జిడ్డును మనం విసుక్కుంటాం. ఆవిడ కొలిచింది! ఒక రేకు తొట్టి, నీటిమీద జిడ్డును అటూ ఇటూ జరపడానికి ఒక రేకు ముక్క, ఒక గుండీ, చిన్న తక్కెడ, అంతే సరంజామా. గుండీని నీటినుంచి పైకి లాగడానికి ఎంత బలం కావాలో తూచి, జిడ్డు పలచబడే కొద్దీ నీటి బిగువు ఎలా మారుతుందో లెక్కకట్టింది.

1891 జనవరిలో ఇంగ్లండులోని లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన భార్య దాన్ని ఇంగ్లీషు చేసిపెడితే, ఆయన 'నేచర్' పత్రికలో అచ్చు వేయించాడు.

ఆ తొట్టినే అమెరికాలో లాంగ్‌మ్యూర్ మెరుగుపరిచాడు. 1925లో హాలెండులో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల కొవ్వు తీసి, అలాంటి తొట్టిలో నీటిమీద పరిచారు. అది కణాల వైశాల్యానికి రెట్టింపు పరుచుకుంది. అంటే పొరలో ఉన్నవి రెండు వరుసలన్నమాట! వాళ్ళ లెక్కలో రెండు తప్పులు దొర్లాయనీ, ఒకదానికొకటి సరిపోయాయనీ తర్వాత తేలింది. మన నెల ఖర్చుల పద్దులాగే! ఫలితం మాత్రం నిలిచింది. కొవ్వు అణువు తల నీటిని కోరుతుంది, తోక నీటికి దూరం జరుగుతుంది. అందుకని వీపుకు వీపు ఆనించి కూర్చున్న రెండు పెళ్ళి పంక్తుల్లా, తోకలు లోపలా తలలు బయటా పెట్టుకుని కుదురుకుంటాయి.

1932లో లాంగ్‌మ్యూర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు, డెబ్భయ్యో ఏట ఆగ్నెస్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చారు.

ఆ సాయంత్రం నేతిగిన్నె తొట్టిలో వేసి, నీళ్ళమీద విచ్చుకుంటున్న తెట్టును చూస్తూ నిలబడ్డాను. "కాఫీ ఏమైంది?" అన్నారు మావారు.

"ఉండండి, చదువుకుంటున్నాను" అన్నాను.