కోడ్ వెంట ఒక చీటీ

1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ కంప్యూటర్ లెక్కలు చేయడం మొదలుపెట్టాక మారిస్ విల్క్స్ బృందానికి ఒక సంగతి బోధపడింది. ప్రోగ్రాం రాయడం ఒక ఎత్తు, అందులో తప్పులు ఏరడం ఒక ఎత్తు. ఒకరు రాసి సరిచూసుకున్న వర్గమూలం లెక్కని మరొకరు మళ్ళీ మొదటినుంచి రాయడం దేనికి? అందుకే అలాంటి ముక్కల్ని కాగితపు టేపుల మీద చిల్లులుగా గుచ్చి బీరువాలో దాచారు. కావలసినవాళ్ళు తమ టేపులోకి నకలు చేసుకునేవారు. 1951లో విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ వెలువరించిన పుస్తకంలో ఆ ముక్కల వివరాలున్నాయి: ఎంత చోటు పడుతుంది, ఎంతసేపు నడుస్తుంది, జవాబు ఎక్కడ దొరుకుతుంది. ఆ వివరాల చీటీ లేకపోతే టేపు వట్టి చిల్లుల కాగితమే.

1955లో ఐబీఎం 704 కంప్యూటర్ వాడకందార్లు అమెరికాలో ‘షేర్’ అనే సంఘం పెట్టుకుని ప్రోగ్రాములు ఇచ్చిపుచ్చుకోసాగారు. 1960లో ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రిక అల్గారిథమ్‌లకు ఒక శీర్షిక తెరిచింది. అంకెల్ని వరుసలో పేర్చే టోనీ హోర్ అల్గారిథమ్ క్విక్‌సార్ట్ 1961 జులైలో అందులోనే, 64వ అంశంగా, కొద్దిపాటి వరుసల్లో అచ్చయింది. ఆ శీర్షిక గొప్పతనం మరోచోట ఉంది. ఎవరైనా ఆ కోడ్‌ని తమ యంత్రం మీద నడిపి, ఒప్పో తప్పో రాసి పంపితే అదీ అక్కడే వేసేవారు. క్విక్‌సార్ట్‌కి మరుసటి ఏడాదే అలాంటి ధ్రువీకరణ వచ్చింది. కోడ్ వెళ్ళిన దారిలోనే కబురు తిరిగొచ్చేది.

కంప్యూటర్‌ని పనికి సిద్ధం చేసే సెటప్ చీటీలది ఇంకో దారి. 1960లలో ఎంఐటీలోని సీటీఎస్ఎస్ వ్యవస్థ కోసం లూయీ పూజాఁ ‘రన్‌కామ్’ రాశారు. ఫైల్లో రాసిపెట్టిన ఆదేశాల్ని అది ఒకదాని తర్వాత ఒకటి నడిపేది. నేటి ‘బాష్ఆర్‌సీ’ ఫైలు పేరు చివరి ‘ఆర్‌సీ’ దాని గుర్తే.

ఈ చీటీల సంప్రదాయం మన హైదరాబాదులో జిరాక్స్ కాగితాల మీద నడిచింది. అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల, సారు క్లాసులో చెప్పింది చేత్తో రాసిన నోట్సు స్పైరల్ బైండింగై దుకాణాల్లో దొరికేది. జావా ఎక్కించాక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోకి వెళ్ళి పాత్ చివర సెమికోలన్ పెట్టి బిన్ ఫోల్డర్ చేర్చాలన్నది అలాంటి నోట్సులో తప్పనిసరి మెట్టు. వెర్షన్ మారితే నోట్సులోని ఫోల్డర్ పేరు కంప్యూటర్లో కనపడదు. కుర్రాడు తలపట్టుకునేవాడు. 2013లో వచ్చిన డాకర్ అనే సాధనం ఈ బెడదని కొంత తీర్చింది. అందులో సెటప్ చీటీయే నడిచే ఫైలు. ఏ వెర్షన్ కావాలో దాన్లోనే రాసుకోవచ్చు.

2002లో పేస్ట్‌బిన్, 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో, గిట్‌హబ్ గిస్ట్ వంటి సైట్లు వచ్చాక కోడ్ ముక్క పంపడం చిటికెలో పని. గిస్ట్‌లో అయితే ప్రతి ముక్కకీ దిద్దుబాట్ల చరిత్ర కూడా ఉంటుంది. అయితే కాపీ కొట్టేటప్పుడు చేతికొచ్చేది ముక్క ఒక్కటే, చరిత్ర కాదు.

దాని ఫలితం ఒక చిన్న జావా ఫంక్షన్ చూపించింది. బైట్ల సంఖ్యని కేబీ, ఎంబీల్లోకి మార్చే ఆ ముక్కని 2010లో ఒకరు స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబుగా పెట్టారు. ఆ సైటు నుంచి ఎక్కువగా కాపీ అయిన జావా ముక్క అదేనని 2018లో పరిశోధకులు తేల్చారు. గిట్‌హబ్‌లో దాని నకళ్ళు వేలల్లో ఉన్నాయి. 2019లో రాసినాయనే చూసుకుంటే అందులో తప్పుంది: 999,999 బైట్లిస్తే 1.0 ఎంబీ అనాల్సింది పోయి 1000.0 కేబీ అంటోంది. ఆయన తన జవాబు దిద్దుకున్నారు. నకళ్ళలో చాలావాటి మీద ఎక్కడినుంచి తెచ్చారో రాసి లేదు. మరి వాటికి కబురు పంపేదెలా?

పేస్ట్ చేసిన ముక్క పైన కామెంట్‌గా ఒక లింకు, తేదీ, వెర్షన్ రాయడానికి అర నిమిషం పట్టదు. ఎడ్‌శాక్ బీరువా దగ్గరివాళ్ళు పంచినవి టేపులూ చీటీలూ రెండూ. మనం టేపు తీసుకుని చీటీ అక్కడే వదిలేసి వస్తున్నాం.