ఉత్తరాంధ్ర చెరువులలో వసంతకాలపు చేపల వేట

ఉత్తరాంధ్ర చెరువులలో వసంతకాలపు చేపల వేట అనగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామీణ ప్రాంతాలలో ఫాల్గుణ మాసం నుండి వైశాఖ మాసం వరకు (సుమారు మార్చి నుండి మే వరకు) నీరు తగ్గిన చెరువులలో జరిగే మంచినీటి చేపల వేట. వర్షాకాలంలో నిండిన చెరువు నీరు వరి పంటకు వినియోగింపబడి, ఎండలు ముదిరే సమయానికి అడుగంటుతుంది. అప్పటికి ఎదిగిన చేపలను చెరువు పూర్తిగా ఎండకముందే పట్టవలసి ఉంటుంది. మత్స్యకారుల జీవనోపాధి, పంచాయతీ ఆదాయం, పశువుల తాగునీరు ఈ మూడూ మిగిలిన కొద్దిపాటి నీటిపైనే ఆధారపడి ఉన్నందున, వేట ఎప్పుడు చేయాలి, ఎవరు చేయాలి, చెరువులో ఎంత నీరు మిగల్చాలి అనేవి ఊరి పెద్దలు తేల్చవలసిన విషయాలు.

భౌగోళిక నేపథ్యం

ఈ ప్రాంతం తూర్పు కనుమలకు, బంగాళాఖాతానికి మధ్య ఉన్నది. వంశధార, నాగావళి నదులు ఒడిషాలో పుట్టి ఇక్కడ సముద్రంలో కలుస్తాయి. చంపావతి నది విజయనగరం ప్రాంతపు కొండలలో పుట్టి కోనాడ వద్ద సముద్రాన్ని చేరుతుంది. కొండల నుండి దిగే చిన్న వాగులను స్థానికంగా గెడ్డలు అంటారు. ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడినప్పటికీ, అందులో అధిక భాగం జూన్ నుండి నవంబరు లోపలే కురుస్తుంది. ఆ నీటిని నిలుపుకొనుటకు పూర్వీకులు గెడ్డలకు అడ్డంగా గట్లు వేసి వేలాది చెరువులు తవ్వించారు. చిన్న చెరువును బంద అని, నీరు విడిచే తూమును మదుము అని ఇక్కడి వాడుక.

విజయనగరం పట్టణంలోని పెద చెరువు ఈ ప్రాంతపు ప్రసిద్ధ చెరువులలో ఒకటి. పైడితల్లి అమ్మవారి విగ్రహం ఈ చెరువులోనే లభించినదని భక్తుల విశ్వాసం. సిరిమానోత్సవం తరువాత జరిగే తెప్పోత్సవం కూడా ఈ చెరువులోనే నిర్వహిస్తారు. మడ్డువలస, తోటపల్లి వంటి జలాశయాలలో ఏడాది పొడవునా నీరు ఉంటుంది కనుక అక్కడి వేట ఒక ఋతువుకు పరిమితం కాదు. ఈ వ్యాసం ప్రధానంగా వర్షాధారమైన గ్రామ చెరువులకు సంబంధించినది.

1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న ఈ రెండు జిల్లాల నుండి కొన్ని మండలాలను విడదీసి పార్వతీపురం మన్యం జిల్లాను ఏర్పాటు చేశారు.

చరిత్ర

బ్రిటిషు పాలనా కాలంలో ఈ ప్రాంతంలో చాలా భాగం విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి, మందస మొదలైన జమీందారీల క్రింద ఉండేది. చెరువులపైన, వాటిలోని చేపలపైన హక్కు జమీందారులదే. 1948లో చేసిన మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ద్వారా ఎస్టేట్లలోని చెరువులు, నీటి పనులతోపాటు చేపల వేట హక్కులు కూడా ప్రభుత్వానికి సంక్రమించాయి. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన అంశాల జాబితాలో (పదకొండవ షెడ్యూలు) చేపల పెంపకాన్ని చేర్చినది. 1964 నాటి ఆంధ్ర ప్రదేశ్ సహకార సంఘాల చట్టం క్రింద మత్స్యకార సంఘాలు నమోదై, చెరువులను కౌలుకు తీసుకొనసాగాయి.

ఈ ప్రాంతపు మత్స్యకార కులాలలో జాలారి, వాడబలిజ, బెస్త, నెయ్యల మొదలైనవి ఉన్నవి. జాలారి అనే పేరు జాలము (వల) అనే మాట నుండి వచ్చినది. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథంలో జాలారులలో కొందరు సముద్రంలోను, మరికొందరు మంచినీటిలోను వేట సాగించేవారని వ్రాయబడి ఉన్నది.

చేపపిల్లల విడుదల

బొచ్చె, శీలావతి, మోసు అనే మూడు పెద్ద చేపలు పారే నదులలో, వరద కాలంలో గుడ్లు పెడతాయి. నిలకడ నీటి చెరువులలో అవి సాధారణంగా గుడ్లు పెట్టవు. అందువలన పూర్వం నదుల నుండి పిల్లలను సేకరించి తెచ్చి చెరువులలో వదిలేవారు. 1957 జూలై 10న ఒడిషాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి ఈ జాతి చేపలచే గుడ్లు పెట్టించగలిగారు. ఈ విజయానికి గుర్తుగా భారతదేశంలో జూలై 10ని జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. దీని తరువాత కేంద్రాలలో ఉత్పత్తి చేసిన పిల్లలను చెరువులు నిండిన తరువాత వదలటం అలవాటైనది. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వదిలిన పిల్లలు ఏడెనిమిది నెలలు పెరిగి వసంతకాలానికి వేటకు సిద్ధమవుతాయి.

లభించే చేపలు

చెరువులలో దొరికే చేపలను రెండు విధాలుగా విభజించవచ్చును. మొదటివి మనుషులు వదిలినవి, రెండవవి తమంతట తామే పెరిగేవి.

బొచ్చె: తల పెద్దది. నీటి పైభాగంలో తిరుగుతూ సూక్ష్మ జీవులను తింటుంది.
శీలావతి: నీటి మధ్య భాగంలో మేస్తుంది. రోహు అని కూడా అంటారు.
మోసు: అడుగున బురదలోని కుళ్ళిన పదార్థాన్ని తింటుంది.
కొర్రమీను: మాంసాహారి, మిక్కిలి ధర పలికే చేప. తల్లిదండ్రులు రెండూ పిల్లల గుంపును కాపలా కాస్తాయి.
మట్టగిడస: కొర్రమీను జాతిలోని చిన్న చేప.
మార్పు, ఇంగిలాయి: పొలుసులు లేని మీసాల చేపలు. ఇంగిలాయి ముల్లు గుచ్చుకొన్న చోట తీవ్రమైన నొప్పి కలుగుతుంది.
గొరక: తడి నేలపై కొంత దూరం పాకగలదు.
పరిగె, జెల్ల: చిన్న చేపలు. పేదల ఆహారంలో ముఖ్యమైనవి.

కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక చేపలకు మొప్పలతోపాటు గాలిని నేరుగా పీల్చుకొనే అవయవాలు ఉన్నవి. అందుచేత చెరువు ఎండి బురద మిగిలినా ఇవి చాలా కాలం బ్రతకగలవు. పెద్ద చేపలకు ఈ శక్తి లేదు. నీరు వేడెక్కే కొలది దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగా, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. రాత్రివేళ నీటి మొక్కలు, నాచు కూడా ప్రాణవాయువును వాడుకొంటాయి కనుక తెల్లవారుజామున కొరత ఎక్కువగా ఉంటుంది. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ కనిపిస్తే వేటకు ఆలస్యమైనదని గ్రహించవలెను.

వేట పద్ధతులు

విసురు వల: అంచున సీసపు గుళ్ళు కట్టిన గుండ్రని వల. మోకాలి లోతు నుండి నడుము లోతు వరకు గల నీటిలో ఒక్కరే విసరవచ్చును.

లాగుడు వల: పై అంచున బెండ్లు, క్రింది అంచున బరువులు గల పొడవైన వల. పది, ఇరవై మంది రెండు కొసలను పట్టుకొని చెరువు ఒక ఒడ్డు నుండి రెండవ ఒడ్డుకు లాగుతారు. పెద్ద చేపలను ప్రధానంగా దీనితోనే పడతారు.

మావు: వెదురు పుల్లలతో అల్లిన బోను. మదుము వద్ద గాని, కాలువలో గాని నీరు పారే చోట అమర్చుతారు. లోపలకు వెళ్ళిన చేప తిరిగి రాలేదు.

ఊత: అడుగు, పైభాగం తెరచి ఉండే వెదురు బుట్ట. లోతు తక్కువ గల బురద నీటిలో దీనిని అదిమి, పై రంధ్రంలో చేయి పెట్టి చిక్కిన చేపను తీస్తారు.

గాలం: కొక్కెమునకు వానపామును గాని, చిన్న కప్పను గాని ఎరగా గుచ్చి వేస్తారు. కొర్రమీనుకు కప్ప ఎర అనువైనది.

పొరుగున అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవలో తాటి మానులను తొలిచి చేసిన దోనెలపై వెళ్ళి వేట సాగిస్తారు. చిన్న చెరువులలో దోనెల అవసరం అంతగా ఉండదు.

వేట సాగే విధానం

వేట సాధారణంగా తెల్లవారకముందే మొదలవుతుంది. చల్లని వేళలో పట్టిన చేప సంతకు చేరే వరకు చెడకుండా ఉండటం ఇందుకు ముఖ్య కారణం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల సముద్ర వేటపై నిషేధం ఉన్నది. 2015 నుండి ఈ నిషేధ కాలం 61 రోజులు. ఆ రోజులలో సముద్రపు చేప తగ్గి చెరువు చేపకు గిరాకీ పెరుగుతుంది. చెరువు కౌలుదారునకు ఇది లాభసాటి కాలము.

కౌలుదారు లేదా సంఘం లాగుడు వలతో పెద్ద చేపలను పట్టుకొన్న తరువాత, కొన్ని గ్రామాలలో మిగిలిన నీటిని ఊరివారికి విడిచిపెడతారు. ఆ రోజు స్త్రీలు, పిల్లలు సహా అందరూ ఊతలతోను, చీర కొంగులతోను, వట్టి చేతులతోను బురదలో దిగి పరిగెలు, మట్టగిడసలు పడతారు. కౌలు మొత్తం పెరిగే కొలది చిన్న చేపలను కూడా అమ్ముకొనవలెనని కౌలుదారు భావించటం, పాత అలవాటు కొనసాగవలెనని గ్రామస్థులు కోరటం వివాదాలకు దారితీస్తుంది. వలకు చెల్లించిన ధర ఒకరిది, చెరువు గట్టును కాపాడిన శ్రమ అందరిది కావటమే ఈ వివాదానికి మూలం.

సమస్యలు

నీటి తోడివేత: చేపలన్నీ పట్టుటకు మోటార్లతో చెరువును పూర్తిగా తోడివేస్తే, పశువులకు నీరు ఉండదు. చుట్టుప్రక్కల బావులలో నీటిమట్టం కూడా తగ్గుతుంది. తరువాతి సంవత్సరానికి విత్తనంగా మిగలవలసిన కొర్రమీను, మార్పు వంటి నాటు చేపలు నశిస్తాయి.

విషం, పేలుడు పదార్థాలు: 1897 నాటి భారత మత్స్య చట్టం నీటిలో విషం కలిపి గాని, పేలుడు పదార్థాలతో గాని చేపలను చంపటాన్ని నేరంగా పరిగణించినది. పురుగుమందు కలిపిన నీటిలోని చేపను తిన్నవారికి కూడా ప్రమాదమే. విద్యుత్ తీగలను నీటిలో వేసి చేసే వేట మనుషుల ప్రాణాలకు ముప్పు.

విదేశీ జాతులు: తిలాపియాను 1952లో భారతదేశానికి తెచ్చారు. ఇది ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెట్టి చెరువును ఆక్రమిస్తుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించినది. ఈ చేప వరదలలో చెరువు దాటి పోయి నాటు చేపలను తినివేస్తుంది.

ఎదురెక్కే చేపలు: తొలకరి వానలకు గొరక, కొర్రమీను, పరిగె మొదలైనవి కాలువల వెంట ఎదురెక్కి పొలాలలో చేరి గుడ్లు పెడతాయి. ఆ సమయంలో కాలువలకు అడ్డంగా మావులు పెట్టి గుడ్లతో ఉన్న చేపలను పట్టుట వలన మరుసటి వసంతానికి దొరకవలసిన చేప తగ్గిపోతుంది.

పక్షులు

టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి సెప్టెంబరు నుండి మార్చి వరకు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. వీటి ఆహారం పరిసర చెరువులు, చిత్తడి నేలలలోని చేపలే. గ్రామస్థులు ఈ పక్షులను తమ ఊరి ఆడపడుచులుగా భావించి ఆదరిస్తారు. చెరువులలో నీరు, చిన్న చేపలు నిలిచి ఉండటం ఈ పక్షుల సంతానానికి కూడా అవసరము.

వంటకాలు

వసంతకాలంలోనే చింతచిగురు వస్తుంది. పరిగెలు, జెల్లలను చింతచిగురుతో కలిపి వండే కూర ఈ ఋతువుకు ప్రత్యేకము. పెద్ద చేపలను చింతపండు పులుసుగా వండుతారు. మట్టగిడస, మార్పు వంటి బురద చేపలను బూడిదతోను, ఉప్పుతోను రుద్ది కడిగితే జిగురు, నీచు వాసన పోతాయి. మిగిలిన చిన్న చేపలను ఎండబెట్టి వర్షాకాలానికి దాచుకొంటారు.

ఇవి కూడా చూడండి

కొండకర్ల ఆవ
కొల్లేరు సరస్సు
తేలినీలాపురం
మడ్డువలస జలాశయం
కొర్రమీను